ఎద్దుల మెడలో గజ్జెలు

సుబ్బలక్ష్మమ్మ అన్నం మానేసింది! ఉరవకొండ పక్క ఆ పల్లెలో ఆమె అన్నం మానేయడం ఇది మొదటిసారి కాదు. కొడుకు ఆంజనేయులు రెండో బోరు వేయిస్తానన్నప్పుడు ఒకసారి, టీవీ కొన్నప్పుడు ఇంకోసారి మానేసింది. ఆ టీవీ ముందే ఇప్పుడు రోజూ సాయంత్రం సీరియల్ చూస్తూ కళ్లు ఒత్తుకుంటుంది, అది వేరే సంగతి. కానీ ఈసారి పట్టు మామూలుది కాదు. ఇంటి కోడలు పద్మప్రియ, నలభై దగ్గరపడిన మనిషి, అనంతపురంలో కాలేజీ స్టేజీ ఎక్కి నాట్యం చేస్తుందట! అదీ కన్నకూతురి పక్కన! తాను బతికుండగా ఆ పని జరగదని తేల్చి చెప్పి, వాకిట్లో మంచం వేయించుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

అసలు ఇదంతా మనవరాలు హేమ తెచ్చిపెట్టిన తంటా. ఆ పిల్ల అనంతపురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవానికి ఒక బ్యాలే కట్టింది. అందులో వాన కోసం ఎదురుచూసే నేలతల్లి కూచిపూడి ఆడుతుంది. ఊళ్లన్నీ తిరుగుతూ ఎంత బతిమాలినా దిగిరాని పోకిరి మేఘం హిప్‌హాప్ ఆడుతుంది. ఆఖరుకు ఇద్దరూ ఒకే తాళంలో కలవాలి. మేఘం హేమే. స్నేహితురాలు నాజ్‌నీన్ మృదంగాన్నీ డ్రమ్ముల దరువునూ కలిపి క్యాసెట్ తయారుచేస్తే, హాస్టల్ మిద్దె మీద మోచేతులు గీరుకుపోయేలా పల్టీలు కొట్టి నేర్చుకుంది. అంతా సిద్ధమయ్యాక, ఇంకా వారముందనగా నేలతల్లి వేషం కట్టే అమ్మాయికి కాలు బెణికింది! హేమ ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికొచ్చి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఆ వేషం నువ్వే వెయ్యాలమ్మా అంది.

పద్మప్రియ గుంతకల్లు రైల్వే గార్డు కూతురు. ఏడో ఏట నుంచి పద్దెనిమిదో ఏటి దాకా కూచిపూడి నేర్చుకుంది. గురువు గజ్జెపూజ చేయించి, తన చేత్తోనే ఆమె కాళ్లకు గజ్జెలు కట్టాడు. ఆ మరుసటి ఏడాదే పెళ్లి! అంతే, స్టేజీ అన్నది కలలోకి కూడా రాకుండా పోయింది. విత్తనం కాయలు ఒలుస్తున్నప్పుడు ఆమె పాదం తనంతట తాను తాళం వేయడం హేమ తప్ప ఎవరూ చూడలేదు. వంటింటి తలుపు దగ్గరకు వేసి కూతురికి నాలుగు అడుగులు చూపించిన రోజులు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇన్నాళ్లకు ఒకరు ఆడమని అడిగారు... ఒక్కసారి, ఒక్క పూట! ఆ తల్లి మనసు ఎంత ఆశపడిందో మీకు వేరే చెప్పాలా? భర్తను అడిగితే ఆంజనేయులు వానమబ్బు కోసం చూసినట్టు ఆకాశంలోకి చూసి, అమ్మను అడుగు అన్నాడు. అమ్మను అడిగిన ఫలితమే ఈ మంచం.

రెండో రోజు పొద్దున హేమ వాకిలి ఊడుస్తూ అవ్వ మంచం కిందికి చీపురు పోనిచ్చింది. గుప్పెడు వేరుశెనగ పొట్టు, దాంతోపాటు చిన్న బెల్లం ముక్క బయటికొచ్చాయి. ఎలుకలు తిన్నాయేమో అని అవ్వ గోడవైపు నుంచే చెప్పింది. బెల్లం నంజుకునే ఎలుకలను తానెక్కడా చూడలేదని హేమ పకపకా నవ్వింది. దాంతో ముసలామె దిగ్గున లేచి కూర్చుంది.

"నవ్వు, బాగా నవ్వు. మా ఇంట్లో గజ్జె కట్టేది ఎద్దులే. ఆడోళ్లు కాదు" అంది.

"ఆ ఎద్దులు కట్టింది మా అమ్మ గజ్జెలేలే అవ్వా" అనేసింది హేమ.

వంటింట్లోంచి పద్మప్రియ పరుగెత్తుకొచ్చి కూతురి నోరు మూయబోయింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు పుట్టింటి నుంచి ఎద్దులకు గజ్జెల పట్టెడలు తేవాలి. ఏరువాక పున్నమికి వాటిని కట్టి, కోడలిని వెంటబెట్టుకుని ఎద్దులను ఊరేగిస్తారు. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో ఎద్దులెక్కడివి, ఆనవాయితీ ఎవరికి తెలుసు! పెళ్లైన తొలి ఏరువాకకు సుబ్బలక్ష్మమ్మ కోడలి పెట్టె తెరిస్తే తోలుపట్టీల మీద వరసలుగా కుట్టిన గజ్జెల జత కనిపించింది. ఆమె ముఖం వెలిగిపోయింది. మెడకు పొట్టిగా ఉన్నాయని చెప్పులు కుట్టే కదిరప్పతో తోలు అతికించి, ఎద్దులకు కట్టించి, మా కోడలు తెచ్చింది చూడండని ఊరంతా చెప్పుకుంది. అవి తన కాలి గజ్జెలని పద్మప్రియ చెప్పలేకపోయింది. ఎద్దుల జతలు మారాయి గానీ గజ్జెలు మారలేదు. పందొమ్మిదేళ్లు గొర్రు వెనక నడుస్తూ, ఆ గజ్జెల చప్పుడుకు తగ్గట్టే సుబ్బలక్ష్మమ్మ గుప్పిట్లోంచి విత్తనం వదిలింది. కిందటేడు కరువుకు ఎద్దులను అమ్మేశారు. ఎద్దును అమ్మినా మెడపట్టెడ అమ్మకూడదంటారు కాబట్టి గజ్జెలు మాత్రం కొట్టంలో కొయ్యకు వేలాడుతున్నాయి.

ముసలామె మంచం దిగి ఖాళీ కొట్టంలోకి వెళ్లింది. చాలాసేపటికి గజ్జెలు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని, చిన్న కత్తితో కదిరప్ప అతికించిన తోలు కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. అడుగున కాలిపట్టీ బయటపడింది. ఆడపిల్ల కాలికి సరిపోయేంత చిన్న పట్టీ... ఆమె కత్తి పక్కన పెట్టి కోడలిని పిలిచింది.

"ఏమ్మే పద్మా, ఆ పొద్దు నీకు నోట్లో నాలిక లేకపాయెనా? ఇవి కాలి గజ్జెలు అత్తా అని ఒక్క మాట అంటే నేనేమన్నా మింగేసేదాన్నా?"

పద్మప్రియ పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"మీరు నా చెయ్యి పట్టుకోని ఊరంతా తిప్పినారు అత్తా. అంత సంబరంగా మా అమ్మ కూడా నన్ను యాడికీ తీసకపోలేదు. ఎట్ల చెప్పేది?"

సుబ్బలక్ష్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. కొంగు తీయకుండానే, "చింతపండు తీసకరా, తోమాల. అట్లే అన్నం కూడా పెట్టు, ఆకలైతాండాది" అంది.

ఆ తర్వాత ఐదో రోజు అనంతపురం కాలేజీ మైదానంలో షామియానా కింద మధ్యాహ్నం నాలుగింటికి బ్యాలే మొదలైంది. తళతళ మెరిసే గజ్జెలతో పద్మప్రియ వచ్చి నిలబడింది. ఇన్నేళ్లకు తొలి అడుగు! కానీ పాదాలకు అన్నీ గుర్తున్నాయి. హేమ పల్టీలు కొడుతూ దూసుకొచ్చింది. నేల పిలుస్తుంది, మేఘం తప్పించుకుంటుంది. తల్లీ కూతురూ కలిసే ఆఖరి ఘట్టం వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది!

క్యాసెట్ ఆగిపోయింది. ఒంటిచేతి మీద తలకిందులుగా ఉన్న హేమ దరువు లేక కిందపడింది. వెనక వరసల్లో ఈలలు మొదలయ్యాయి. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పద్మప్రియ మాత్రం ఆగలేదు. తన పాదంతోనే దరువు అందుకుంది. ఘల్లు... ఘల్లు... ఘల్లు ఘల్లున! మొదటి వరసలోంచి ఒక ముసలి గొంతు, ఎద్దులను అదిలించినట్టు, "హొయ్... హొయ్..." అని తోడైంది. పిల్లలు ఈలలు మాని ఆ గజ్జెల లెక్కకు చప్పట్లు కలిపారు. హేమ కన్నీళ్లు తుడుచుకుని లేచింది. తల్లి పాదం పడిన చోటల్లా కూతురు గిర్రున తిరిగింది. స్టేజీ మీదినుంచి పద్మప్రియ కిందికి చూస్తే అత్త కుడిచెయ్యి కనిపించింది. ప్రతి అడుగుకూ ఆ గుప్పిట కొంచెం తెరుచుకుని, లేని విత్తనం వదులుతోంది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మైదానమంతా లేచి నిలబడింది. అందరికంటే వెనక, తువాలుతో కళ్లు తుడుచుకుంటున్నది ఆంజనేయులే.

తిరుగు బస్సులో సుబ్బలక్ష్మమ్మ గజ్జెలు ఎవరికీ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటావిడ వాటివైపు చూసి, ఎద్దుల గజ్జెలా అవ్వా అని అడిగింది. ముందు సీట్లో కూతురి భుజం మీద తల వాల్చిన పద్మప్రియకు అత్త జవాబు స్పష్టంగా వినిపించింది.

"కాదమ్మా, మా కోడలివి. మా ఎద్దులకు పందొమ్మిదేండ్లు ఎరవిచ్చింది."