అక్క వదిలిన ఎర్ర బిళ్ల

మా వీధి చివర మూతపడ్డ వీడియో గేముల షాపుకి మంచి పేరు లేదు. చీకటి పడితే దించిన షట్టర్ వెనక తుపాకుల మోత వినిపిస్తుందనేవారు. జనం చుట్టు తిరిగైనా పోయేవారు గానీ అటు అడుగు పెట్టేవారు కాదు.

టైలర్ బాబాయి మాత్రం "ఎలుకలురా, ఎలుకలు!" అని కొట్టిపారేసేవాడు. ఆయనే ఒక రాత్రి చూసొచ్చి నాకిది చెప్పాడు.

షట్టర్ కింద జానెడు సందు… నీలం వెలుతురు… టపటపా కాల్పులు. బాబాయి వంగి చూశాడు.

మూలనున్న పాత విమానాల ఆట మిషన్ వెలుగుతోంది. దాని ముందు ఒక్కడే మనిషి. తెర మీద మాత్రం రెండు విమానాలు!

"ఎ… ఎవర్రా అది?"

"ష్… అక్క ఆడుతోంది."

ఆ గొంతు ఆ మిషన్లు బాగుచేసే మెకానిక్‌ది. వాడూ వాళ్లక్కా కలిసి నడిపిన షాపే అది. అక్క పోయి ఏడాది దాటింది.

బాబాయికి ముచ్చెమటలు పట్టాయి. పారిపోదామని లేవబోయాడు. అప్పుడు కనిపించింది — కాల్చే బటన్లు నొక్కే ఉండేలా టేపు అంటించి, ఒక్కో చేత్తో ఒక్కో జాయ్‌స్టిక్ పట్టుకుని, ఇద్దరి ఆటా వాడే ఆడుతున్నాడు.

హమ్మయ్య అనుకుని షట్టర్ పైకెత్తి లోపలికి దూరాడు. "ఏంట్రా ఈ పిచ్చి?"

"అక్క చివరి స్టేజీ ఎప్పుడూ చూడలేదు బాబాయ్. పవర్ ఇచ్చే ఎర్ర బిళ్ల వస్తే నాకు వదిలేసేది. బుల్లెట్ వస్తే తను అడ్డం వచ్చేది. లారీ మీదికొచ్చిన రోజూ అంతే… నన్ను పక్కకి తోసేసింది. రేపు మిషన్ తుక్కుకి పోతుంది. ఇవాళైనా తనని చివరిదాకా తీసుకెళ్లాలి."

ఇంతలో అక్క విమానం మీదికి బుల్లెట్ వచ్చింది. వాడు తన విమానాన్ని అడ్డం తోశాడు. అది పేలిపోయింది. మళ్లీ ఆడతావా అని అడుగుతూ తెర మీద వాడి వైపు అంకెలు తగ్గుతున్నాయి.

"ఈ ఒక్కటైనా చేశానే అక్కా!" రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు.

"స్టిక్ పట్టుకోరా… అక్క పోతుంది!" అని అరిచాడు బాబాయి.

ఇక్కడిదాకా చెప్పి, బాబాయి నా దగ్గరికి జరిగాడు.

"అక్క స్టిక్ కదిలిందిరా… దానంతటదే. విమానం బుల్లెట్లన్నీ తప్పించుకుని ఎర్ర బిళ్ల దగ్గరికొచ్చి ఆగింది. తీసుకోలేదు. వాడి అంకెలు తగ్గుతూనే ఉన్నాయి… అది వాడి కోసం అక్కడే ఆగి ఉంది."