అట్ట మీద లేని పేరు

లీలను మధ్యాహ్నం రెండింటికి, గంగాలిన్ ట్రామ్ స్టాప్‌లో, విషపు సూదితో చంపారు. మర్నాడు పేపర్లో "విద్యార్థిని ఆకస్మిక మృతి" అని మూడు లైన్లు పడ్డాయి. పేరు లేదు. ఏజెంట్ బెన్‌హర్‌కు ఒళ్లు మండిపోయింది.

"లీల ఒక స్వీడిష్ నాన్‌ఫిక్షన్ పుస్తకాన్ని ఇంగ్లీషు చేస్తుండేది," అన్నాడు చీఫ్ కేశవరావు, ట్రామ్‌లో పక్క సీట్లో కూర్చుని. "ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన స్టూడెంట్ల పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్లచేత నేవీ ఓడల ఫోటోలు తీయించే ఫారిన్ రింగ్ గురించి. పుస్తకంలో సాక్షి పేరు మార్చారు. రింగువాళ్లు అసలు పేరు అడిగారు. లీల చెప్పలేదు."

"ఇప్పుడెవరు చేస్తున్నారు సార్?"

"జెన్సీ. లీల క్లాస్‌మేట్. సాక్షి ఆమె సొంత అన్న లాజరస్. దూరంగా పియారా వాటర్స్ అనే చోట దాక్కున్నాడు. ఆ సంగతి నాకూ, జెన్సీకీ, ఇప్పుడు నీకూ, మన ముగ్గురికే తెలుసు. ఆఫీసులో ఎవరో అమ్ముడుపోయి లీల సంగతి బయటికి చేరవేశారు. నువ్వు యూనిలో, జెన్సీ చదివే క్లాసులోనే చేరు."

బెన్‌హర్ కళ్లద్దాలు, బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని స్వీడిష్ సాహిత్యం స్టూడెంట్ అయ్యాడు. వేషం కోసం చదవడం మొదలుపెట్టి, మంచు తోసే బండి నడిపే ఒంటరి ఆడమనిషి నవలకీ, ఎండిపోతున్న సరస్సు మీద వ్యాసాలకీ దాసుడైపోయాడు. అలాంటి పుస్తకాలు దుమ్ము కొట్టుకుపోతున్నా ఎవరికీ పట్టదని అతనికి అదో కోపం.

రెండు నెలల తర్వాత, ఒక ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, లైబ్రరీలో కొత్త స్వీడిష్ పుస్తకాల సభ. నల్ల సిల్కు గౌనులో ఎవా వచ్చింది. విజయవాడలో పుట్టి స్టాక్‌హోమ్‌లో పెరిగిన అందగత్తె, బెన్‌హర్ పనిచేసే ఏజెన్సీలోనే భాషా నిపుణురాలు.

"ఇక్కడ మంచు పడుతుందా?" అంది. అది కోడ్‌వర్డ్.

"పుస్తకాల్లోనే," అన్నాడు బెన్‌హర్.

సభ అయ్యాక వెనక గదిలో బెన్‌హర్, జెన్సీ, ఎవా ముగ్గురే మిగిలారు. "జెన్సీ, ఆ బేకరీ కుర్రాడి చాప్టర్ ఒరిజినల్‌లో చదివి ఏడ్చేశాను. So beautiful!" అంది ఎవా.

జెన్సీ ముఖం పాలిపోయింది. "స్వీడిష్‌లో బేకరీ లేదండి. క్లైడ్ నార్త్‌లోని బేకరీ నా ఇంగ్లీష్ డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఈ బెన్‌హర్ గారే పెట్టమన్నారు. మొన్న నా ల్యాప్‌టాప్ ఎవరో కొట్టేశారు."

"మీవాళ్లు ఈపాటికి సాక్షి కోసం వెళ్లి ఆ బేకరీలో దొరికిపోయుంటారు," అన్నాడు బెన్‌హర్. "ఒరిజినల్ చదివిన వాళ్లెవరూ అక్కడికి వెళ్లరు."

ఎవా పెన్ను తీసి జెన్సీ మెడకు గురిపెట్టింది. కొసన సూది మెరిసింది. "అసలువాడెక్కడ? Three లోపు చెప్పు. One!"

"లీల చెప్పలేదు. నేనూ చెప్పను," అంది జెన్సీ.

"Two!"

బెన్‌హర్ బల్ల మీది మంచుబండి నవల ఎత్తి మధ్యలోకి విసురుగా నెట్టాడు. సూది అట్టను చీల్చుకుని పేజీల్లో ఇరుక్కుపోయింది. ఎవా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు.

"ఒక్క పుస్తకమైనా చదివావే నువ్వు?" అని అరిచాడు. "రాత్రుళ్లు కూర్చుని ఒక్కో వాక్యం దిద్దుకున్న పిల్లని చంపేశావు కదే!" ఎవా తల దించుకుంది. అతని కోపం మాత్రం దిగలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్. "శభాష్! బేకరీ దగ్గర రింగువాళ్లు నలుగురూ దొరికారు. లాజరస్ సేఫ్. రిపోర్టులో ఎవరి పేర్లూ వద్దు."

"రాయను సార్. పుస్తకం అట్ట మీద మాత్రం లీల పేరు, జెన్సీ పేరు ఉండాలి."

"ట్రాన్స్‌లేటర్ల పేర్లు అట్ట మీద వెయ్యరోయ్!"

"వేసేదాకా యూనిలోనే ఉంటాను సార్. ఇంకా పదకొండు నవలలు చదవాలి."