ఆఖరి స్తంభం దగ్గర బ్రేకు నొక్కినవాళ్లు

ఆ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఆఖరి స్తంభం పక్కన చీకటి పడితే ఎవరూ నిలబడరు. బ్రేకులు పడక చచ్చిపోయిన డ్రైవరొకడు అక్కడే తిరుగుతుంటాడట... చెవిలో గుసగుసలాడతాడట. చూసినవాళ్లు లేరు, చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

లెక్కల మాస్టారి కారుకు సరిగ్గా ఆ చోటే దక్కింది. ఆయనకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మెకానిక్కుల మీద అసలే లేదు. మూడు వీడియోలు చూసి, ఒక స్పానరు కొని, బ్రేకు ఆయిలు తానే మార్చేస్తానని బయల్దేరారు.

తెల్లారితే అత్తగారికి కంటి ఆపరేషను. ఆసుపత్రి కొండ కింద. దారి పొడుగునా మలుపులే.

"బ్రేకులతో ఆటలెందుకు బాబూ, తెలిసినవాళ్లకు చూపిద్దాం" అన్నారావిడ. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో చేసి రిటైరైన మనిషి.

"డిపోలో ఫైళ్లు మొయ్యడం వేరు, బ్రేకులు వేరు అత్తయ్యగారూ. మీరు పైకెళ్లి పడుకోండి."

ఆవిడ పైకెళ్లారు.

ఏడింటికి పని మొదలైంది. భార్య లోపల కూర్చుని బ్రేకు నొక్కి పట్టాలి. మాస్టారు చక్రం వెనక నట్టు వదులు చేస్తే పాత ఆయిలు సీసాలోకి కారుతుంది. నట్టు బిగించాకే ఆవిడ కాలు తియ్యాలి. ముందే తీస్తే గొట్టంలో గాలి దూరుతుంది. గాలి దూరిన బ్రేకును నమ్ముకోవడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

"నొక్కు."

"నొక్కానండీ."

"వదులు."

"వదిలానండీ."

ఒక చక్రం అయింది. అంతలో... కరెంటు పోయింది.

భార్య ఏదో అంది. కారు కింద దూరి ఉన్న మాస్టారు "ఊఁ" అన్నారు. ఆవిడ చెప్పేదానికి ఆయన ఇచ్చే జవాబు పెళ్లయినప్పటి నుంచీ అదే.

కారు తలుపు చప్పుడు. కాసేపటికి మెల్లగా అడుగులు... ముందు వైపు బుడబుడమని ఏదో పోస్తున్న శబ్దం... మళ్లీ తలుపు.

ఫోను లైటు నేల మీద పెట్టుకుని "నొక్కు" అన్నారు మాస్టారు.

"నొక్కా..."

గుసగుస. చివర 'అండీ' ఏమైందని ఆయనకు కోపం వచ్చింది.

"వదులు."

"వదల్ను..."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"నట్టు... బిగించలేదు."

చూసుకుంటే నిజంగానే బిగించలేదు.

అలాగే మిగతా మూడు చక్రాలూ అయ్యాయి. ఆఖరి నట్టు బిగించి లేచేసరికి మెట్ల మీద టార్చి లైటు... వెనకాల భార్య.

"ఇంకా అవలేదా? కరెంటు పోగానే పైకెళ్తున్నానంటే ఊఁ అన్నారుగా. నా బదులు..."

మరి లోపల ఉన్నది?

మిగతా మాట వినే ఓపిక మాస్టారికి లేదు. స్పానరు అక్కడే పడేసి, భార్యను దెయ్యానికి అప్పజెప్పి, నాలుగంతస్తులు ఒక్క ఊపిరిలో ఎక్కేశారు. రాత్రంతా దుప్పటి ముసుగు తియ్యలేదు.

పొద్దున కారు కొండ దిగుతోంది. బ్రేకులు బ్రహ్మాండంగా పడుతున్నాయి. మాస్టారికి ధైర్యం తిరిగొచ్చింది.

"చూశారా అత్తయ్యగారూ? ఫైళ్లు మోసినంత తేలిక కాదు."

ఏడో మలుపులో లారీ ఎదురొచ్చింది.

వెనక సీట్లోంచి... అదే గుసగుస.

"నొక్కండి..."

కాలు దానంతటదే నొక్కేసింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది.

మాస్టారు అద్దంలోకి చూశారు. అత్తగారు వేలికంటిన ఆయిలు మరక కొంగుతో తుడుచుకుంటున్నారు.

"డిపోలో నాది బ్రేకుల సెక్షను బాబూ. ఆ పనికి కళ్లక్కర్లేదు. కొత్త ఆయిలు పొయ్యడం కూడా మర్చిపోయారు, నేనే పోశా. గొంతు గుర్తుపడితే దిగిపొమ్మంటారని మెల్లిగా మాట్లాడా."

ఇదంతా నాకు చెప్పింది మాస్టారి భార్య. మాస్టారిని అడిగితే మాత్రం ఆఖరి స్తంభం దగ్గర దెయ్యం ఉందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. అత్తగారు కాపాడారని ఒప్పుకోవడం కన్నా ఆయనకు అదే మర్యాదగా ఉంది.