మధ్యాహ్నం కునుకు తీసే దయ్యం

లిమయేబాయి ఇంటి తలుపు మీద ఒక బోర్డు ఉండేది: 'గంట ఒక్కసారే కొట్టండి. లోపలివాళ్ళకు చెవుడు లేదు.' పుణె నగరంలో ఇలాంటి బోర్డు లేని తలుపుకు పరువు తక్కువ. ఆ సోమవారం పొద్దున గంట ఆగకుండా మోగింది. అపరాధ పరిశోధకురాలు ద్వారకా లిమయే టీ కప్పు కిందపెట్టలేదు. ఆమె సహాయకుడు భాస్కర్ ఢమఢేరే మాత్రం అగ్గిమీద గుగ్గిలమై వెళ్ళి తలుపు తీశాడు. బ్యాంకు ఉద్యోగం ముందుగానే వదిలేసి లిమయేబాయి తెలివికి దాసోహమైన యాభై రెండేళ్ళ మనిషి అతను. పేరులోనే డప్పు ఉందని స్నేహితులు ఏడిపిస్తారు.

గుమ్మంలో ముప్పై అయిదేళ్ళ స్త్రీ నిలబడి ఉంది. ఆమె భుజం మీద ఏడాది నిండని పాప నిద్రపోతోంది.

"బోర్డు చూళ్ళేదా అమ్మా?"

ఆమె అతని పెదాలు కదలడం చూసి, బోర్డు వైపు తిరిగి చదివింది. "లోపలివాళ్ళకి లేదండి, నాకుంది. మోగిందో లేదో తెలీక మళ్ళీ మళ్ళీ నొక్కాను."

ఢమఢేరే తల కొట్టేసినట్టయింది.

"ఆ బోర్డు పీకి లోపల పడెయ్, ఢమఢేరే," అంది లిమయేబాయి లోపల్నుంచి. "ఆవిణ్ణి కూచోబెట్టు."

ఆమె పేరు మృణ్మయీ ఆగాశే. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఓవీ అనే ఈ పాపను దత్తత కోసం తెచ్చుకుని ఆరు నెలలైంది. చివరి తనిఖీకి మర్నాడే సంస్థవాళ్ళు వస్తున్నారు.

"ఉయ్యాల పక్కన చిన్న పరికరం ఉంది బాయీ. నేను దాన్ని చెవి అంటాను. పాప ఏడిస్తే అది గాల్లోంచే కబురు పంపుతుంది, అన్ని గదుల్లో పసుపు దీపాలు మిణుకుతాయి. ఇన్నాళ్ళూ ఒక్కసారి తప్పలేదు. ఇప్పుడేమో పాప హాయిగా నిద్రపోతుంటే దీపాలు వెలుగుతాయి. నిజంగా ఏడిస్తే ఎప్పటికో వెలుగుతాయి. మొన్న ఉత్తదేలే అనుకుని వంటింట్లోంచి కదల్లేదు." ఆమె పాప వీపు నిమిరింది. "నిజంగానే ఏడుస్తోందట. పక్కింటావిడ వచ్చి నా భుజం తట్టింది. ఇంట్లో దయ్యం ఉందంటున్నారు. దీపం వెలిగినప్పుడల్లా నా అరికాళ్ళ కింద నేల కూడా జలదరిస్తుంది. దయ్యం ఉంటే ఉండనీ. రేపొచ్చే ఆవిడ ముందు దీపాలు అబద్ధమాడితే నా పాపని తీసుకుపోతారు."

లిమయేబాయి కప్పు కిందపెట్టింది. "పద తల్లీ."

నారాయణ్ పేఠ్‌లో పాత వాడా, మన మండువా లోగిలి లాంటిది. కింద ఖండూ కాకా పిండి గిర్ని, పైన వరుసగా ఇళ్ళు. మృణ్మయి అన్న శిరీష్ అక్కడే ఉన్నాడు. చెల్లెలి చేతిలోంచి పాపను అందుకోకుండానే గొణిగాడు.

"డిటెక్టివులు కూడానా? నేను మొదట్నుంచీ చెబుతున్నా, ఇది మన వల్ల అయ్యే పని కాదని."

"ఈ చెవి బిగించింది ఎవరు?" అంది లిమయేబాయి.

"మెకానిక్. ఇది కొత్తది, నేనే కొనిచ్చా, పాతది నీరసించిందని. మూడు వారాలైంది."

"పాతదేమైంది?"

"ఆ రోజే పాతసామాన్లవాడికి ఇచ్చేశా."

ఢమఢేరే మృణ్మయి ఫోను తీసుకుని ఇంటి పరికరాల జాబితా తెరిచాడు. ఇలాంటి వాటిలో అతనికి కాస్త ప్రవేశం ఉంది. "ఓటర్ల లిస్టులో చచ్చినవాళ్ళ పేర్లున్నట్టు ఇందులో మూడు దొంగ పేర్లున్నాయి బాయీ. చెవి కబురందుకుని దీపాలు వెలిగించే పెట్టె ఒకటి హాల్లో ఉంది, అది పాపం వీటిని కూడా పిలుస్తుంది, పలుకుతాయేమోనని ఆగుతుంది. ఈలోగా అసలు కబురు వెనకబడుతుంది. దీపాలు ఆలస్యమయ్యేది అందుకే."

"కొట్టెయ్ మరి."

రెండు పేర్లు పోయాయి. మెకానిక్ జతచేస్తుండగా మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాల తాలూకు అవశేషాలవి. మూడోదాని పేరు 'పాత చెవి'. ఢమఢేరే ఎన్నిసార్లు నొక్కినా పెట్టె ససేమిరా అంది: 'ఈ పరికరం పలుకుతోంది. తొలగించడం కుదరదు.'

అంతలో పసుపు దీపాలు మిణికాయి. పాప నిద్రలో నవ్వుతోంది. లిమయేబాయి చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో నేల మీద కాసేపు నిలబడింది. ఆమె ఏం ఆలోచిస్తోందో ఢమఢేరేకు బోధపడలేదు. అది కొత్తేమీ కాదు.

ఒంటిగంట దాటాక దీపాలు మళ్ళీ వెలగలేదు.

"ఈ వేళప్పుడు దయ్యం రాదు," అంది మృణ్మయి. "మళ్ళీ నాలుగింటికే."

లిమయేబాయి పకపకా నవ్వింది. "ఢమఢేరే, మధ్యాహ్నం పడుకునే దయ్యం నరకంలోనైనా ఉంటుందా?"

"ఉండదు బాయీ."

"పుణెలో ఉంటుంది. ఇక్కడ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కొట్లు కూడా కునుకు తీస్తాయి. ఇప్పుడు నొక్కి చూడు."

'పరికరం పలకడం లేదు. తొలగించాలా?' అని అడిగింది పెట్టె. ఢమఢేరే వేలు ముందుకు వెళ్ళింది.

"ఆగు! ఇప్పుడు కొట్టేస్తే దయ్యం పోతుంది, పంపినవాడు మిగుల్తాడు."

నాలుగింటికి ఆమె గోధుమల డబ్బా పట్టుకుని ఒంటరిగా కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి జుట్టంతా పిండి. చెంగులో ఏదో దాచింది. "ఇవాళ హాయిగా నిద్రపో తల్లీ," అంది మృణ్మయితో.

మర్నాడు పొద్దున దత్తత సంస్థ తరఫున ప్రధాన్ మేడమ్ వచ్చింది. శిరీష్, పక్కింటావిడ, కనుబొమల దాకా పిండి పూసుకున్న ఖండూ కాకా అందరూ హాల్లో కూర్చున్నారు.

"ఈ పంచాయితీ మేడమ్ ముందు దేనికి?" అన్నాడు శిరీష్.

"ఆవిడ ముందే కావాలి," అంది లిమయేబాయి. చెంగులోంచి ఒక తెల్లటి డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. "పెట్టె 'పాత చెవి' పేరు కొట్టెయ్యనంది. ఎందుకు? పిలిస్తే పలికింది కాబట్టి. అంటే అది చావలేదు, దగ్గర్లోనే కరెంటు తాగుతూ బతికుంది. పాతసామాన్ల బస్తాలో పడ్డది ఎలా పలుకుతుంది? మృణ్మయికి నేల జలదరిస్తోంది, నాకూ జలదరించింది. కింద గిర్ని తిరిగితే జలదరిస్తుంది. ఒంటిగంటకి ఖండూ కాకా మెయిన్ ఆపేసి కునుకు తీస్తాడు, దయ్యమూ తీస్తుంది. గిర్ని మొదలైన ప్రతిసారీ బెల్టు కీచుమంటుంది. ఆ కీచుని ఈ చెవి పాప ఏడుపనుకుంది. కాకా, నీ గిర్నిలో ప్లగ్గుకి తగిలించి ఉంది, ఇది నీకెక్కడిది?"

"దోమల మిషనండీ, శిరీష్ దాదా ఇచ్చాడు," అన్నాడు ఖండూ కాకా అమాయకంగా. "మూడు వారాలైంది, ఒక్క దోమ చావలేదు!"

పక్కింటావిడ నవ్వు దాచుకోడానికి నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. శిరీష్ తల దించుకున్నాడు.

"అవును, నేనే. రేపు ఆ పిల్లకి ఏదైనా అయితే లోకం మా చెల్లిని ముద్దాయిని చేస్తుంది. ఇప్పుడే ఇచ్చేస్తే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందనుకున్నా."

ఢమఢేరే ఫోను నొక్కాడు. మూడో పేరు కూడా పోయింది.

"ఆడపిల్ల ఉసురు పోసుకుంటావా!" అని పక్కింటావిడ లేచింది. "అరే, నన్నెందుకు ఇరికించావయ్యా!" అని ఖండూ కాకా అరిచాడు. శిరీష్ ఏడుస్తూ గట్టిగా సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. గిర్ని కన్నా ఎక్కువ గోలగా ఉంది. ఢమఢేరే వాళ్ళను ఆపబోతూ పక్కకి చూస్తే మృణ్మయి కుర్చీ ఖాళీగా ఉంది. పసుపు దీపం ఇంకా మిణుకుతోంది.

ఆమె లోపలి గదిలోంచి పాపను ఎత్తుకుని వచ్చింది. పాప బుగ్గల మీద కన్నీళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏడుపు ఎవరికైనా వినిపించిందా?" అని అడిగింది ప్రధాన్ మేడమ్. ఖండూ కాకా తల అడ్డంగా ఊపాడు. "నాకూ వినిపించలేదు."

ఆమె కలం మూత తీసి, మృణ్మయికి పెదాలు కనిపించేలా అటు తిరిగి నెమ్మదిగా అడిగింది. "పాప పేరు పూర్తిగా చెప్పండమ్మా, రాసుకుంటాను."

మరాఠీవాళ్ళ పేరు మధ్యలో తండ్రి పేరు రావాలి, ఆ చోటు తలుచుకుని మృణ్మయి ఒక్క క్షణం ఆగింది. తరువాత తల ఎత్తి చెప్పింది.

"ఓవీ మృణ్మయీ ఆగాశే."