నలభయ్యో తల

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా ఏడే నిమిషాలు!

నడినెత్తిన మండవలసిన మార్తాండుణ్ణి కాటుకమేఘాలు కబళించాయి. ఆకాశం ఫెళఫెళా చీలింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ ఘూంకరించింది... శిథిలమైన కోటగోడ పక్కన ఆగిన బస్సులో నలభైమంది విద్యార్థులు. దేశంకాని దేశంలో చదువుకుంటూ, వారాంతపు విహారయాత్రకు వచ్చినవాళ్ళు. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. తలుపు మూసుకుంది.

చిట్టచివరి సీట్లో సీనియరక్క. యాత్రలంటే ఆమెకు ఒళ్ళుమంట. అయినా వచ్చింది... తన గదిలో ఉండే పిచ్చుక కోసం!

పిచ్చుక అన్నది గదివాళ్ళు పెట్టిన ముద్దుపేరు. నిద్రలో కూడా ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. చదువుకు వచ్చిన మొదటి వారమే ఈ గైడు యాత్రల ప్రకటన చూసింది. ఇక ప్రతి శనివారమూ ఇదే బస్సు. సరస్సు చూసొచ్చి పూటంతా కబుర్లు చెప్పింది. గుహలు చూసొచ్చి సగం కబుర్లే చెప్పింది. ఆరోవారానికి... మౌనం! గోడవైపు తిరిగి, "ఇంకొక్కటే... ఇంకొక్కటే..." అని గొణుగుడు. ఆ గొంతు పిచ్చుకది కాదు, ఏ ముసలి రాబందుదో! ఈ ఏడో యాత్రనుంచి దాన్ని చెయ్యిపట్టి వెనక్కి లాక్కుపోవాలనే అక్క వెంటవచ్చింది.

గైడు లోపలికి వచ్చాడు. జనం దారి తప్పకుండా గైడ్లు పైకెత్తి పట్టుకునే కర్ర ఒకటుంటుంది కదా, అందరూ దానికి రంగుగుడ్డ కడతారు. ఇతగాడు గుప్పెడంత కపాలం కట్టాడు! "ఇన్నాళ్ళకి బుర్ర ఉన్న గైడు దొరికాడ్రా!" అని పొద్దున్న అందరూ పగలబడి నవ్వారు.

"ఎవరూ లేవకండి. తలలు లెక్కపెట్టాలి," అన్నాడు. రెండోచేతిలో నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న ఉక్కుమీట.

"మావాడి తల ఖాళీ సార్, సగమే వేసుకోండి!" ముందుసీటు కుర్రాడు కిసుక్కుమన్నాడు.

టిక్!

ఆ నవ్వు సగంలోనే గడ్డకట్టింది. తెరిచిన నోరు తెరిచినట్టే... రెప్ప కదలలేదు!

టిక్... టిక్... మీట నొక్కినప్పుడల్లా ఒక మనిషి శిలామూర్తి! గైడు కంఠం ఘోషించింది. "కపాలినీ! కరాళవదనా! మిట్టమధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా నలభై శిరస్సులు లెక్కకు అప్పగిస్తున్నాను. నాకు నూరేళ్ళ ఆయుష్షు ప్రసాదించు! లెక్క తప్పితే... నా శిరస్సే నీది!"

అక్క కిటికీని గుద్దింది. అద్దం బీటైనా వారలేదు. వెనకతలుపు లాగింది. పిడి నిప్పుకణికలా కాలింది. "లేవవే! దిగిపోదాం!" అని పిచ్చుకను కుదిపేసింది.

పిచ్చుక మెల్లగా మెడ తిప్పింది. కళ్ళల్లో నల్లగుడ్లు లేవు!

"కూర్చో అక్కా... మనకిది విహారం... ఆమెకిది ఆహారం!"

టిక్! ముప్పైతొమ్మిది. అక్క పట్టుకున్న చెయ్యి మంచుముద్దయింది.

"వారాంతమంటే ఏమిటనుకున్నావు?" గైడు ఆమెమీదికి వంగాడు. "వారి అంతం! ఇక నీ వంతు."

అక్క కన్ను ఆ మీటమీద పడింది... రెండేళ్ళుగా ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, అచ్చం అలాంటి మీట నొక్కుతూనే ఆమె కణాలు లెక్కపెడుతోంది. దాని పక్కన తిప్పే బొత్తాం ఒకటుంటుంది. పొరపాటున చొక్కా చెయ్యి తగిలిందా, ఒక పూట చాకిరీ గంగపాలు! ఎన్నిసార్లు ఏడ్చిందో ఆమెకే తెలుసు.

శవంలా చల్లబడిన గైడు మణికట్టును రెండు చేతులా ఒడిసిపట్టింది. బొత్తాం తిప్పింది.

అంకెలు గిర్రున తిరిగాయి... సున్నా!

"ఏం చేశావే పాపిష్టిదానా!" గైడు ముందుసీట్లవైపు పరుగెత్తాడు. వేలు మీటమీద ఆనిందో లేదో... బస్సు గడియారంలో పన్నెండు!

పిడుగు! కపాలం దవడ తెరుచుకుంది. లోపలినుంచి ఆడగొంతు వికటాట్టహాసం చేసింది.

"లెక్క ఏదిరా?"

"అమ్మా... ఒక్క క్షణం... మళ్ళీ మొదటినుంచి..."

"నీకిక మొదలు లేదురా... తుదే!"

కంటిగుంటల్లోంచి నీలిజ్వాలలు ఎగసి అతని పాదాలను చుట్టుకున్నాయి. కాళ్ళు బూడిద... నడుము బూడిద... చివరికి గాలిలో తల ఒక్కటే మిగిలి, గుడ్లు తిప్పుతూ కెవ్వుమంది. కపాలం దాన్ని గుటుక్కున మింగి, తానూ పొడిపొడిగా రాలిపోయింది.

కిందపడ్డ మీట దానంతటదే నొక్కుకుంది. టిక్. ఒకటి!

ముందుసీట్లో ఆగిన సగం నవ్వు పూర్తయింది.

"అబ్బా! చెయ్యి విరిచేస్తావా ఏంటక్కా? అవునూ, నువ్వెప్పుడొచ్చావ్? ఈ బూడిదేంటి? నాకు ఆకలేస్తోంది, నీకు వెయ్యట్లేదూ?" పిచ్చుక గుక్కతిప్పుకోకుండా వాగుతూనే ఉంది. అక్క దాన్ని కావలించుకుని భోరుమంది.

డ్రైవరు ఎక్కాడు. "గైడు గారేరి? సర్లెండి, తలలు నేనే లెక్కపెడతా..." అని వేలెత్తాడు.

అక్క చటుక్కున సీటు కిందికి దూరింది. పిచ్చుక తలను కూడా పట్టి కిందికి లాగింది.

"ముప్పైఎనిమిదే ఉన్నారేంటండీ?"

"అంతే అనుకోండి బాబూ... పోనివ్వండి!" సీటు కిందినుంచి ఒక గొంతు బతిమాలింది.