మూడో క్షమాపణ

రూతమ్మ కూతురి చీరలు సంచిలో సర్దుతోంది. అల్లుడు గిద్యోను ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే వచ్చి నంద్యాల ఇంటి వసారాలో కూర్చున్నాడు. నోట్లో గుట్కా, చొక్కాకు అత్తరు. ఆ రెండు వాసనలూ కలిసి లోపలికి వస్తుంటే రూతమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

యూదుల పండుగలు పాటించే ఇల్లు వాళ్లది. ఆ సందెకు ప్రాయశ్చిత్త దినం మొదలవుతుంది. ఆలోగా తప్పు చేసినవాడు క్షమించమని అడగాలి, మూడుసార్లు అడిగితే క్షమించాలి. గిద్యోను రెండుసార్లు ఫోనులో అడిగాడు. ఇది మూడోది. నియమం తప్పితే ఏమవుతుందోనని రూతమ్మకు భయం.

ఏడాది కిందట కరుణ విరిగిన చేత్తో పుట్టింటికి వచ్చింది. తలుపు చప్పుడైతే మంచం కిందకు దూరేది. శుక్రవారం సందెవేళ విశ్రాంతి దినపు దీపంలో నూనె పోయడం ఒక్కటే పని పెట్టింది తల్లి. అలా వారాలు గడిచాయి. పులిసినది తినకూడని పస్కా పండుగకు ఇంట్లో పులిసిన పిండంతా పారబోస్తూ, "దోసెల్లేకుండా ఎనిమిది దినాలు ఎట్ల బతకాలమ్మా" అని కరుణ మొదటిసారి నవ్వింది. ఆ పండుగ నుంచి ఆచారం ప్రకారం దినాలు లెక్కపెడుతూ, నలభైతొమ్మిదో నాటికి ఒంటరిగా బజారుకు పోయొచ్చింది.

"ఏమత్తా, ఇంకెంతసేపు? దేవుని మాటకే ఎదురు చెప్తాండారా?" గిద్యోను మెట్ల పక్కన ఉమ్మాడు. "తాగుడు మానేసినాను. ఏదో ఒకసారి చెయ్యి జారింది."

"జారే చెయ్యి ఏడుసార్లు జారుతాదా?" కరుణ గడపలోకి వచ్చింది. "అడిగినావ్. క్షమించినాను. ఇంక పో."

"క్షమిస్తే కాపురానికి రావాల గదే."

కరుణ తల్లివైపు తిరిగింది. "మా, నువ్వు దేవుని పుస్తకమంతా వేలు పెట్టి చదివినావ్. క్షమించాల అని ఉండాది. పంపియ్యాల అని యాడుండాది?"

రూతమ్మ చేతులు ఆగాయి. కూడబలుక్కుని తనంతట తాను నేర్చిన చదువు. ఎంత తలచుకున్నా ఆ మాట ఎక్కడా తగల్లేదు.

"అక్కకూ ఇట్లనే సంచి సర్దిచ్చినావ్," అంది కరుణ మెల్లగా.

వసారాలోని మనిషి కన్నా తన చేతుల మీదే ఎక్కువ రోత పుట్టింది రూతమ్మకు. సంచిని మంచం మీద బోర్లించి బయటికొచ్చింది.

"లేయ్ నాయనా. ఆ ఉమ్మిన కాడ చెంబుడు నీళ్లు పోసి పో."

అతను గొణుక్కుంటూ నీళ్లు పోసి వెళ్లాక, ఆమె కూతురి పక్కన కూలబడింది. "నన్ను క్షమించు తల్లీ. మూడుసార్లు అడుగుతా."

"ఒకటి చాలు మా."

"నిన్నంటే అడిగితి. మీ అక్కను యాడ అడగల్ల?"

కరుణ దగ్గరికి జరిగింది. తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది.

పెద్దకూతురు అమృతను రూతమ్మ ఇలాగే సర్దిచెప్పి, భర్త ఊరైన రుద్రవరం బస్సెక్కించింది 2016 జూన్ 14న. అమృత ప్రాణాలతో తిరిగి రాలేదు.