నరం దొరకని రోజు

రక్తం తీయబోతే నర్సు తోరున్ చేతికి నరం దొరకని రోజున నార్వేలోని బెర్గెన్‌లో వాన. ఆసుపత్రి మంచం మీది ముసలి జాలరి హాల్వార్ నవ్వాడు.

"ఏం నర్సమ్మా, నా ఒంట్లో రక్తం అయిపోయిందా?"

తోరున్ కూడా నవ్వి, మళ్లీ సూది పట్టుకుంది. ఆమె బొటనవేలు దానంతటదే ఎగిరింది! ఆ ఎగురుడు ఆమెకు తెలుసు... నాన్న చేతిలో చూసింది. ముందు వేలు, తర్వాత ఒళ్లంతా, చివరికి మాట కూడా పోయి కన్నుమూసిన నాన్న! అది తరం నుంచి తరానికి రక్తంలో దిగే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సమానంగా అవకాశం. ఆమెకున్నది ఒక్కతే బిడ్డ, సున్నీవా.

ఆ రోజే సూది పక్కన పెట్టేసి, నడుం నొప్పని చెప్పి ఫైళ్ల పనికి మారిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చలికాలంలో ఒక ఆదివారం సున్నీవా తడిసిన కోటు విప్పకుండానే వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, యూనివర్సిటీలో ఉద్యోగాలు పడ్డాయి! తాతయ్య జబ్బు మీదే పరిశోధన. ల్యాబ్ పోస్టుకి నేను అప్లికేషన్ పెడతాను, నర్సు పోస్టుకి నువ్వు పెట్టు. ఇద్దరం ఒకే బస్సులో పోవచ్చు!"

తోరున్ తన చేతి వైపు చూసుకుంది. ఆ జబ్బునే రోజూ చూసే మనుషుల మధ్య ఈ చేయి ఎన్నాళ్లు దాగుతుంది?

"నాకెందుకే ఈ వయసులో? నువ్వూ వెళ్లొద్దు. చేపల ల్యాబ్‌లో హాయిగానే ఉన్నావుగా!"

"చేపలు నన్నేం తలుచుకోవులే. కాఫీ పొయ్యమ్మా."

"ఫ్లాస్కు నీ పక్కనే ఉంది, పోసుకో."

సున్నీవా కదల్లేదు. "ఈ మధ్య ఎప్పుడొచ్చినా ఇదే మాట. ఇంతకుముందు ఈ ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరైనా కాఫీ పోశారా? అత్తయ్య ఫ్లాస్కు ముట్టుకుంటే చేతి మీద కొట్టేదానివి! తాతయ్యకు లాగా ఎగురుతోంది ఏ చేయమ్మా...? చూపించు."

తోరున్ చేయి బల్ల కిందికి వెళ్లింది. "చెబితే నీ నిద్ర కూడా పోతుందని, తల్లీ..."

"నీ ఒక్కదాని నిద్రే పోవాలా? నేను నీకు ఏమీ కానా!"

కూతురు ఆ చేతిని పైకి తీసి రెండు చేతులతో పట్టుకుంది. ఆ గుప్పిట్లో కూడా వేలు ఆగలేదు. సున్నీవా వదల్లేదు. ఇద్దరూ ఏడ్చారు. కాఫీ ఎవరూ పోసుకోలేదు.

కళ్లు తుడుచుకుని తోరున్ అంది. "నర్సుగా రాలేనమ్మా. రోగిగా వస్తాను. వాళ్లకు రోగులు కూడా కావాలిగా... మరి నీ రక్తపరీక్ష?"

"తెలుసుకోవాలనే ఉందమ్మా. తెలిశాక ఎలా బతకాలో... అదే భయం."

సున్నీవాకు ఉద్యోగం వచ్చింది. తల్లీకూతుళ్లు ఒకే బస్సులో వెళ్లారు. అక్కడ ఒక కొత్త నర్సు తోరున్ చేతిలో మొదటిసారికే నరం పట్టుకుంది. "బాగా తీశావు" అని తోరున్ మెచ్చుకుంది.

రక్తం తీసే ఆ గది ముందు నుంచే సున్నీవా రోజూ ల్యాబ్‌కి వెళుతుంది. ఆమె రక్తం ఇంకా ఎవరూ తీయలేదు.